ఫ్లేమ్‌ప్రూఫా, ఇంక్రీజ్డ్ సేఫ్టీయా, పర్జ్ ప్యానెలా: పేలుడు ప్రమాదమున్న చోట ఏ ఎంక్లోజర్?

హజార్డస్ ఏరియాలో, అంటే మండే గ్యాస్ గానీ ధూళి గానీ ఉండగల చోట, ఒక ప్యానెల్ పెట్టాలనగానే ముందుగా వినిపించే మాట "ఎఫ్‌ఎల్‌పీ (ఫ్లేమ్‌ప్రూఫ్) వేసేద్దాం". బరువైన పోత, మూత చుట్టూ వరసగా బోల్టులు, చూడగానే ధైర్యం కలుగుతుంది. కానీ పెట్టె ఎంత గట్టిదన్నది ఎంపికను తేల్చే ప్రశ్న కాదు. లోపల ఏం పెడుతున్నారు? దాన్ని ఎవరు, ఎంత తరచుగా తెరుస్తారు? ఈ రెండిటికీ జవాబు దొరికితే సగం ఎంపిక అయిపోయినట్టే. లోపల టెర్మినళ్లు మాత్రమే ఉండే చోట ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టె పెడితే భద్రత పెరగదు. చేయిజారి పాడుచేయగల చోట్లు మాత్రం పెరుగుతాయి.

అన్నిటికన్నా ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఈ ప్యానెల్ అక్కడే ఉండాలా? మోటారు స్టార్టర్, డ్రైవ్, పీఎల్‌సీ (యంత్రాలను నడిపే కంట్రోలర్) వంటివాటిని నాలుగు అడుగులు జరిపి సేఫ్ ఏరియాలోకి తెస్తే మామూలు ప్యానెల్ సరిపోతుంది. ఫీల్డ్‌లో పుష్ బటన్, జంక్షన్ బాక్స్ మిగులుతాయి. కేబుల్‌కు పెరిగే ఖర్చు, ఎక్స్ ప్యానెల్‌కూ (పేలుడు ప్రమాదమున్న చోటికి సర్టిఫై అయిన, Ex గుర్తున్న ప్యానెల్) దాని తనిఖీలకూ అయ్యే ఖర్చు ముందు చిన్నదే.

కొనేముందు చేతిలో ఉండాల్సినవి

ఏరియా క్లాసిఫికేషన్ డ్రాయింగ్ లేకుండా సప్లయర్‌కు ఫోన్ చేయకండి. ఆ డ్రాయింగ్ నుంచి జోన్, గ్యాస్ గ్రూపు, టెంపరేచర్ క్లాస్ తీసుకోవాలి. పెట్టె పెట్టే చోటి వాతావరణ ఉష్ణోగ్రతను విడిగా రాసుకోవాలి.

జోన్ 0 అంటే మండే గ్యాస్ ఎప్పుడూ లేదా ఎక్కువసేపు ఉండే చోటు, ఉదాహరణకు ట్యాంకు లోపలి ఖాళీ. జోన్ 1 అంటే మామూలు పని నడుస్తుండగానే అప్పుడప్పుడు వచ్చే చోటు. జోన్ 2 అంటే సాధారణంగా రాదు, వచ్చినా కాసేపే. ధూళికి ఇవే 20, 21, 22 అవుతాయి.

గ్యాస్ గ్రూపుల్లో ప్రొపేన్ ఐఐఏకు, ఎథిలీన్ ఐఐబీకి, హైడ్రోజన్, ఎసిటిలిన్ ఐఐసీకి ప్రతినిధులు. ఈ విభజనకు మూలం మంట ఎంత సన్నని సందులోంచి దాటిపోగలదన్నదే. పరీక్షలో ప్రొపేన్‌కు ఆ సందు 0.92 మి.మీ., ఎథిలీన్‌కు 0.65, హైడ్రోజన్‌కు 0.29. హైడ్రోజన్ మంట ఎంత ఇరుకులోంచి దూరగలదో ఈ అంకెలే చెబుతాయి. ఐఐసీ పెట్టెను ఐఐఏ చోట వాడొచ్చు, తలకిందులుగా కుదరదు.

టెంపరేచర్ క్లాస్ పెట్టె ఉపరితలం, అవసరమైతే లోపలి భాగాలు, ఎంతవరకు వేడెక్కొచ్చో చెబుతుంది: టీ1 అంటే 450 డిగ్రీలు, టీ2 300, టీ3 200, టీ4 135, టీ5 100, టీ6 85. గ్రూపుకూ దీనికీ సంబంధం లేదు. హైడ్రోజన్ ఐఐసీ అయినా, తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత 500 డిగ్రీల పైమాటే కాబట్టి టీ1 చాలు. డైఈథైల్ ఈథర్ ఐఐబీయే, కానీ టీ4 కావాలి. "గ్యాస్ ప్రమాదకరమైనది, టీ6 రాయండి" అని కళ్లు మూసుకుని రాస్తే లోపల పెట్టగల పరికరాల వేడి కోటా అనవసరంగా తగ్గిపోతుంది, పెట్టె సైజు పెరుగుతుంది.

సర్టిఫికెట్‌లో వేరే మాట లేకపోతే పెట్టె మైనస్ 20 నుంచి 40 డిగ్రీల వరకే పనికొస్తుంది. ఎండలో, బాయిలర్ పక్కన, వేడి పైపుల కింద 40 దాటడం తేలిక. 55 డిగ్రీలకు సర్టిఫై అయిన పెట్టెకు కూడా ఆ ఉష్ణోగ్రత దగ్గర టీ6 బదులు టీ5 గానీ టీ4 గానీ రాసి ఉండొచ్చు. రెండూ కలిపి చదవాలి.

ఫ్లేమ్‌ప్రూఫ్: లోపల పేలినా బయటికి పొక్కనివ్వదు

ఎక్స్ డి, అంటే ఫ్లేమ్‌ప్రూఫ్, పెట్టె గ్యాస్‌ను లోపలికి రానివ్వదని చాలామంది అనుకుంటారు. వస్తుంది. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి పెట్టె ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది. లోపల కాంటాక్టర్ మెరిసినప్పుడు ఆ గ్యాస్ పేలొచ్చు. పెట్టె ఆ ఒత్తిడిని తట్టుకుంటుంది. మూతకూ ఒంటికీ మధ్య ఉన్న వెడల్పాటి, సన్నని సందులోంచి బయటికొచ్చే వేడి వాయువు దారిలోనే చల్లబడి, బయటి గ్యాస్‌ను అంటించలేని స్థితికి వస్తుంది. ఆ సందునే ఫ్లేమ్ పాత్ అంటారు. పెట్టె ప్రాణమంతా అక్కడే ఉంది.

అందుకే దీన్ని పాడుచేసేవి పెద్ద దెబ్బలు కావు, చిన్న పనులు. మూత తీసి ఫ్లాంజ్ (మూతా పెట్టే కలిసే అంచు) ముఖం కిందకి వచ్చేలా కాంక్రీటు మీద పెడితే అడ్డంగా ఒక గీత పడుతుంది. లోపలి నుంచి బయటికి పోయే ఆ గీత మంటకు దారి. తుప్పు పోవాలని ఎమరీ పేపర్‌తో రుద్దితే సందు పెరుగుతుంది. నీళ్లు రాకూడదని రబ్బరు గ్యాస్కెట్ కోసి పెడితే రెండు లోహ ముఖాలూ దూరమై, ఫ్లేమ్ పాత్ అన్నదే లేకుండా పోతుంది. తయారీదారు ఓ-రింగ్ గాడి ఇచ్చి ఉంటే అందులో ఆ ఓ-రింగే ఉండాలి, ఇంకేదీ ఉండకూడదు. ఫ్లాంజ్‌కు గట్టిపడని, తుప్పు పట్టించని గ్రీజు పలచగా రాయాలి. సిలికోన్ సీలెంట్ వద్దు. అది గట్టిపడుతుంది, పైగా సిలికోన్ ఆవిర్లు దగ్గర్లోని క్యాటలిటిక్ గ్యాస్ డిటెక్టర్ల సెన్సర్లను పాడుచేస్తాయి.

బోల్టుల విషయంలో ఒక్కటి తక్కువైనా పెట్టె ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. పోయిన బోల్టు స్థానంలో స్టోర్‌లో దొరికిన అదే సైజు బోల్టు వేయకూడదు. సర్టిఫికెట్‌లో బలం గ్రేడు రాసి ఉంటుంది, అదే వేయాలి. నెలకు రెండుసార్లు ఫ్యూజు మార్చడానికి, సెట్టింగ్ సరిచేయడానికి తెరవాల్సిన ప్యానెల్‌ను ఇరవై నాలుగు బోల్టుల పెట్టెలో పెడితే ఏడాది తిరిగేసరికి అన్ని బోల్టులూ ఉంటాయని నమ్మకం పెట్టుకోలేం. అలాంటి చోట మరతో తిరిగే గుండ్రటి మూత ఉన్న చిన్న పెట్టెలు మేలు.

పెట్టె పెట్టే చోటు కూడా చూడాలి. ఫ్లాంజ్ సందుకు ఎదురుగా గోడ, పైపు, స్టీలు దూలం దగ్గరగా ఉంటే బయటికొచ్చే వేడి వాయువు చల్లబడే అవకాశం తగ్గుతుంది. ఐఈసీ 60079-14 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఐఐఏకు కనీసం 10 మి.మీ., ఐఐబీకి 30, ఐఐసీకి 40 మి.మీ. ఖాళీ ఉండాలి. తర్వాత ఎవరో వచ్చి పక్కనే కేబుల్ ట్రే బిగిస్తే ఈ దూరం పోతుంది. డ్రాయింగ్‌లో ముందే గీసి ఉంచండి.

పెద్ద చదరపు ఫ్లాంజ్ పెట్టెల మీద ఐఐసీ బదులు "ఐఐబీ ప్లస్ హెచ్2" అని ఉండటం మామూలే. హైడ్రోజన్‌కు అది సరిపోతుంది, ఎసిటిలిన్‌కు పనికిరాదు. ఉత్తర అమెరికా గుర్తుల్లోనూ ఇదే సూక్ష్మం ఉంది. అక్కడ ఎసిటిలిన్ గ్రూప్ ఏ, హైడ్రోజన్ గ్రూప్ బీ, ఎథిలీన్ సీ, ప్రొపేన్ డీ. "బీ, సీ, డీ" అని ఉన్న పెట్టెను ఎసిటిలిన్ చోట పెట్టకూడదు.

ఇంక్రీజ్డ్ సేఫ్టీ: మెరుపే పుట్టనివ్వదు

ఎక్స్ ఈ, అంటే ఇంక్రీజ్డ్ సేఫ్టీ, దారి వేరు. లోపల స్పార్కు వచ్చే వస్తువు పెట్టనే పెట్టరు. టెర్మినళ్ల మధ్య దూరం ఎక్కువ, పట్టు వదులు కాని క్లాంపులు, నీరూ ధూళీ రాకుండా గ్యాస్కెట్. తెరిచి ఉన్న లైవ్ భాగాలుంటే కనీసం ఐపీ54 (ధూళినీ నీటినీ ఆపే స్థాయిని చెప్పే అంకె) ఉండాలి. ఇక్కడ గ్యాస్కెట్ ప్రాణం, ఎక్స్ డిలో ఫ్లాంజ్ ప్రాణం. ఈ తేడా మెయింటెనెన్స్ వాళ్ల మనసులో నాటుకుంటే సగం పొరపాట్లు తగ్గుతాయి.

జంక్షన్ బాక్సులకు జోన్ 1లో మా మొదటి సిఫార్సు ఇదే. తేలిక, నాలుగు స్క్రూలతో తెరుచుకుంటుంది, తనిఖీ సులువు. పుష్ బటన్, సెలెక్టర్ స్విచ్, ఇండికేటర్ కావాలంటే ఎక్స్ డీఈ కలయిక ఉంది: కాంటాక్ట్ బ్లాకు ఒక్కటే చిన్న ఫ్లేమ్‌ప్రూఫ్ గూడు, చుట్టూ ఉన్న పెట్టె ఎక్స్ ఈ. చిన్న ఐసొలేటర్లు, ఎంసీబీలు కూడా ఇలా దొరుకుతాయి.

ఇక్కడ జరిగే తప్పులు వేరే రకం. సర్టిఫికెట్‌లో ఒక పట్టిక ఉంటుంది: ఇన్ని టెర్మినళ్లు, ఇంత సైజు వైరు, ఇన్ని ఆంపియర్లు. ఖాళీ ఉంది కదా అని నాలుగు టెర్మినళ్లు చేరిస్తే లోపలి వేడి లెక్క తప్పుతుంది. ఒక టెర్మినల్‌లో రెండు వైర్లు దూర్చడం, ఆ టెర్మినల్‌కు అనుమతి ఉంటే తప్ప, కుదరదు. వాడని టెర్మినళ్ల స్క్రూలు కూడా బిగించాలి. టార్క్ స్క్రూడ్రైవర్ ఇక్కడ తప్పనిసరి పనిముట్టు. వదులు కనెక్షన్ వేడెక్కితే ఈ పద్ధతి పునాదే కదిలిపోతుంది.

మోటార్ స్టార్టర్‌ను, మామూలు రిలేను ఎక్స్ ఈ పెట్టెలో పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పెట్టె మీద ఎక్స్ గుర్తు కనిపించి ధైర్యం ఇస్తుంది, లోపల మాత్రం ప్రతి ఆన్‌కూ ఒక మెరుపు.

పర్జ్ ప్యానెల్: మామూలు పరికరాలు తప్పనప్పుడు

ఎనలైజర్, పెద్ద డిస్‌ప్లే, వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ హజార్డస్ ఏరియాలోనే ఉండాలంటే ఫ్లేమ్‌ప్రూఫ్‌లో అంత వేడి బయటికి పోదు, అంత సైజు దొరకదు. అప్పుడు ఎక్స్ పీ, అంటే పర్జ్ ప్యానెల్. శుభ్రమైన గాలిని లోపలికి పంపి, బయటికన్నా కొంచెం ఎక్కువ ఒత్తిడి నిలిపితే గ్యాస్ లోపలికి రాదు. ఆ ఒత్తిడి కనీసం 50 పాస్కల్, అంటే 5 మి.మీ. నీటి ఎత్తు, జోన్ 2లో వాడే పీజడ్ రకానికి 25 పాస్కల్ చాలు.

కరెంటు ఇవ్వకముందు లోపలి గాలిని మార్చాలి, సాధారణంగా పెట్టె ఘనపరిమాణానికి 5 రెట్లు. 600 × 800 × 300 మి.మీ. పెట్టెలో 144 లీటర్లు పడుతుంది, కాబట్టి 720 లీటర్ల గాలి. నిమిషానికి 60 లీటర్లు ఇస్తే 12 నిమిషాలు. మూత తెరిచిన ప్రతిసారీ ఈ 12 నిమిషాలు మళ్లీ మొదలు. ప్రొడక్షన్ వాళ్లతో ఈ మాట ముందే చెప్పాలి. లేకపోతే ఎవరో ఒకరు టైమర్‌ను బైపాస్ చేస్తారు, ఆ క్షణం నుంచి అది మామూలు ఇనప పెట్టె.

జోన్ 1లో మామూలు పరికరాలకు పీఎక్స్ రకమే తీసుకోవాలి: ఒత్తిడి పడిపోతే కరెంటు దానంతట అదే ఆగిపోవాలి. గాలిని సేఫ్ ఏరియా నుంచి తేవాలి, తేమా నూనే లేకుండా ఉండాలి. డ్రైవ్‌లో కెపాసిటర్లు, వేడి రెసిస్టర్లు ఉంటే కరెంటు ఆపాక ఎన్ని నిమిషాలకు తెరవొచ్చో మూత మీద రాసి ఉంటుంది, ఆ టైము ఆగాలి. ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ నమ్మకంగా రాని ప్లాంటులో ఎక్స్ పీ జోలికి పోకపోవడమే మంచిది.

ఎక్స్ ఐ, జోన్ 2, ధూళి

సిగ్నల్ సర్క్యూట్లకు ఇంట్రిన్సిక్ సేఫ్టీయే సరైన దారి. శక్తి ఎంత తక్కువంటే వైరు తెగినా, షార్టయినా గ్యాస్ అంటుకోదు. కరెంటు ఉండగానే మూత తీసి కొలతలు చూసుకోవచ్చు, ఇది మిగతా పద్ధతుల్లో దొరకని వెసులుబాటు. జోన్ 0కు ఐఏ, జోన్ 1కు ఐబీ, జోన్ 2కు ఐసీ. పెట్టె విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: ఎక్స్ ఐ టెర్మినళ్లకూ మామూలు టెర్మినళ్లకూ మధ్య 50 మి.మీ. దూరం గానీ, అడ్డు పలక గానీ ఉండాలి. వీలైతే రెండిటికీ వేర్వేరు పెట్టెలు పెట్టండి.

జోన్ 2కు ఎక్స్ ఈసీ (ఎక్స్ ఈకి జోన్ 2 రూపం), ఎక్స్ ఎన్‌ఆర్ వంటివి చౌకగా వస్తాయి. ఎన్‌ఆర్ పెట్టె ఊపిరి బిగబట్టి ఉండే రకం, సీలింగ్ పరీక్ష చేస్తూ ఉండాలి. ఆ పరీక్షకు మనుషులు లేకపోతే ఈసీ తీసుకోండి.

ధూళి దగ్గర ఆలోచన మార్చుకోవాలి. ఫ్లేమ్ పాత్ ధూళికి మందు కాదు, ఎక్స్ టీ కావాలి. అక్కడ ధూళి లోపలికే రాకూడదు: జోన్ 21కి ఐపీ6ఎక్స్. ఉపరితల ఉష్ణోగ్రతకు రెండు లెక్కలు కట్టి తక్కువది తీసుకోవాలి. ఒక ధూళి మేఘంగా 420 డిగ్రీలకు, 5 మి.మీ. పొరగా 310కి అంటుకుంటుందనుకుందాం. మేఘానికి మూడింట రెండొంతులు, అంటే 280. పొరకు 75 తీసేస్తే 235. పెట్టె 235 దాటకూడదు. పొర 5 మి.మీ. కన్నా మందంగా పేరుకుంటే ఈ అంకె ఇంకా తగ్గుతుంది. అందుకే వాలు కప్పు ఉన్న పెట్టె, తుడవడానికి చుట్టూ చోటు. అల్యూమినియం పొడి, కార్బన్ వంటి కరెంటు ప్రవహించే ధూళికి గ్రూపు ఐఐఐసీ, పిండి, చక్కెర వంటివాటికి ఐఐఐబీ.

పెట్టె దేనితో చేసింది

తక్కువ రాగి ఉన్న అల్యూమినియం పోత తేలిక, వేడిని బాగా వదులుతుంది, కానీ కాస్టిక్ సోడా వంటి క్షారాలు తినేస్తాయి. ఉప్పుగాలికీ, కడుగుడు ఎక్కువున్న చోటికీ 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు. గాజునార ప్లాస్టిక్, అంటే జీఆర్‌పీ, తుప్పుకు లొంగదు కానీ రెండు మెలికలున్నాయి. ఒకటి స్థిర విద్యుత్తు: పొడి గుడ్డతో తుడిస్తే ఛార్జి పోగవుతుంది. ఉపరితల నిరోధకత 1 గిగా ఓమ్ మించని రకమో, తడిగుడ్డతోనే తుడవాలన్న హెచ్చరికో చూసుకోండి. రెండోది ఎర్తింగ్: ఆర్మర్డ్ కేబుల్‌ను (లోహపు తీగల కవచమున్న కేబుల్) ఇత్తడి గ్లాండుతో, అంటే కేబుల్‌ను పెట్టెలోకి పట్టి ఉంచే బిగింపుతో, ప్లాస్టిక్ గోడకు బిగిస్తే ఆర్మర్‌కు ఎర్త్ దారి లేదు. లోపల అన్ని గ్లాండులనూ కలిపే ఎర్త్ ప్లేటు ఉన్న పెట్టె అడగాలి.

రంధ్రాలు, గ్లాండులు, ప్లగ్గులు

ఆర్డర్ ఇచ్చేముందు కేబుళ్లు లెక్కపెట్టండి, రెండు స్పేర్ ఎంట్రీలు కలపండి. ఎక్స్ డి పెట్టెకు సైటులో డ్రిల్లు పెడితే సర్టిఫికెట్ పోయినట్టే. మర ఎంట్రీలో కనీసం 5 పట్లు పూర్తిగా పట్టాలి. 20 మి.మీ. మెట్రిక్ గ్లాండును అరంగుళం ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మర) రంధ్రంలో తిప్పితే పట్టినట్టే ఉంటుంది, కానీ పిచ్ వేరు, పట్టు అబద్ధం. ఒక ఎంట్రీకి ఒకే అడాప్టర్, దానికి ప్లగ్గు బిగించకూడదు. వాడని రంధ్రానికి పెట్టెతో వచ్చిన ఎరుపు ప్లాస్టిక్ మూత రవాణాకు మాత్రమే, సర్టిఫైడ్ ప్లగ్గు వేయాలి.

ఎక్స్ డి పెట్టెకు ఎక్స్ డి గ్లాండే. వైర్ల మధ్య సందులున్న కేబుల్‌లోంచి పేలుడు వాయువు పారిపోగలదు, అలాంటివాటికి లోపల రెజిన్ నింపే బారియర్ గ్లాండు వేయాలి. ఉత్తర అమెరికా కాండ్యూట్ పద్ధతిలో (వైర్లను లోహపు గొట్టంలో నడిపే పద్ధతి) స్పార్కు వచ్చే పెట్టెకు 18 అంగుళాలలోపు సీల్ పెట్టి కాంపౌండ్ పోయాలి. పోయకపోతే ఒక పెట్టెలో మొదలైన పేలుడు కాండ్యూట్‌లోని గ్యాస్‌ను ముందుకు నొక్కి, రెండో పెట్టెలో మామూలుకన్నా ఎన్నోరెట్లు ఒత్తిడితో పేలుతుంది. ఖాళీ సీలింగ్ ఫిట్టింగు బయటినుంచి చూస్తే నింపినదానిలాగే కనిపిస్తుంది, కాబట్టి నింపిన రోజే పెయింట్ గుర్తు వేయించండి.

మూడు సందర్భాలు

టోలుయిన్ పంపు పక్కన స్టార్ట్-స్టాప్ స్టేషన్, జోన్ 1. టోలుయిన్ ఐఐఏ, టీ1. జీఆర్‌పీ ఎక్స్ డీఈ పెట్టె, ఐపీ66. స్టార్టర్ సేఫ్ ఏరియాలో. ఇక్కడ పోత ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టడానికి కారణం కనిపించదు.

హైడ్రోజన్ కంప్రెసర్ దగ్గర ఎనలైజర్, జోన్ 1. నమ్మకమైన గాలి ఉంటే పీఎక్స్ ప్యానెల్. లేకపోతే ఎనలైజర్‌ను సేఫ్ ఏరియాకు జరిపి, శాంపిల్ లైన్ అక్కడిదాకా తేవడం. కానీ ఆ లైన్‌తో గ్యాస్ కూడా ఆ గదిలోకి వస్తుందని మర్చిపోకూడదు, ఆ గదిని మళ్లీ క్లాసిఫై చేయాలి.

పిండి సైలో పైన జంక్షన్ బాక్స్, జోన్ 21. స్టెయిన్‌లెస్ స్టీలు, ఎక్స్ టీబీ ఐఐఐబీ, ఐపీ66, వాలు కప్పు. గ్యాస్‌కు మాత్రమే సర్టిఫై అయిన పెట్టె ఎంత ఖరీదైనదైనా ఇక్కడ చెల్లదు.

లేబుల్ చదివి, సరుకు దింపుకునేటప్పుడు

సర్టిఫికెట్ నంబరు చివర అక్షరం చూడండి. అది X అయితే వాడకానికి షరతులున్నాయి (పైన చెప్పిన Ex గుర్తు వేరు), ఆ పేజీ చదవాలి. యూ (U) ఉంటే అది విడిభాగం మాత్రమే. ఖాళీ పెట్టె యూ సర్టిఫికెట్‌తో చౌకగా దొరుకుతుంది, అందులో మీ ప్యానెల్ బిల్డర్ పరికరాలు బిగించి ఇస్తే మొత్తానికి మళ్లీ సర్టిఫికెట్ కావాలి. చౌక బేరాల్లో ఎక్కువమంది పడే గొయ్యి ఇదే. "పెట్టెకు సర్టిఫికెట్ ఉంది" అన్న జవాబుతో ఆగకండి, "లోపలి పరికరాలతో కలిపి ఉందా" అని రాతపూర్వకంగా అడగండి.

పెట్టె వచ్చాక గోడకు ఎక్కించకముందే మూత తీసి మెత్తటి గుడ్డ మీద పెట్టండి. ఫ్లాంజ్ మీద వేలి గోరు అడ్డంగా నడిపితే గీతలు తెలుస్తాయి. బోల్టులు లెక్కపెట్టండి, ఎంట్రీల మర రకాన్ని గ్లాండు గేజ్‌తో సరిచూడండి, బయటి ఎర్త్ బోల్టుకు కనీసం 4 చదరపు మి.మీ. తీగ పడుతుందో లేదో చూడండి. లేబుల్ ఫోటో, సర్టిఫికెట్, స్పేర్ బోల్టుల గ్రేడు ఒకే ఫైల్‌లో ఉంచి, మొదటి వివరమైన తనిఖీ తేదీని కరెంటు ఇవ్వకముందే వేసుకోండి. తర్వాతి తనిఖీలకు మూడేళ్లకు మించి గడువు పెట్టుకోకూడదు.